మొదటిసారి ప్రయోగాత్మక సినిమాకి సంగీతం కడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఎడిటింగ్ ఖాయమయ్యాకే మొదలెట్టండి. నలభై సెకన్ల షాట్ రేపు ముప్పైకి తగ్గిందంటే మీ కష్టం గోదాట్లో కలిసినట్టే. వీడియో సెకనుకి 24 ఫ్రేములా, 25 ఆ అని అడిగి ప్రాజెక్టులో అదే పెట్టండి. శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్. పాటల అలవాటుకొద్దీ 44.1 దగ్గర వదిలేయొద్దు.

డైరెక్టరు "ఏదైనా కొత్తగా చెయ్యి" అంటాడు. దాన్ని నమ్ముకోకుండా ఎక్కడ సంగీతం అక్కర్లేదో ముందు అడగండి.

బయట శబ్దాలు పట్టాలంటే మైకుకి బొచ్చు తొడుగు తప్పనిసరి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లే పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) మీద ఇంజను చప్పుడు రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే వశిష్ఠ గోదారి గాలి తప్ప ఇంకేం లేదు! రెండోసారి రెయిలింగుకి కాంటాక్ట్ మైకు (తాకిన వస్తువు అదురుని పట్టేది) అంటించా. ఇనుములోంచి ఇంజను అదురు మాత్రమే వచ్చింది, గాలి ఊసే లేదు. వేగం సగానికి తగ్గిస్తే శ్రుతి ఒక స్థాయి కిందికి దిగి, తుప్పు పట్టిన తంబూరాలా మోగింది. సినిమా మొత్తానికీ అదే ఆధారం అయింది.

డప్పు, గరగల మేళం లాంటివైతే లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి, ఒక్క దెబ్బకి రికార్డింగులో శబ్దం పగిలిపోతుంది. వాళ్లతో డబ్బు సంగతి ముందే మాట్లాడుకోండి, ఒప్పుకోలు కాగితం మీద రాయించుకోండి.

రికార్డు చేసిందంతా రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టుకోండి. వానాకాలంలో కరెంటు సంగతి మనకి తెలిసిందేగా.