జూన్ 12 కంటే ముందే బడి బ్యాగును కాంటా మీద పెట్టండి

బడులు తెరిచేలోగా కొత్త బ్యాగు కొనాలనుకుంటే పిల్లను వెంట తీసుకెళ్లండి. "ఎదిగే పిల్ల, ఇంకో రెండేళ్లు వస్తది" అని పెద్ద సైజు తీసుకోవడమే, నా దృష్టిలో, మనం చేసే అసలు పొరపాటు. పెద్ద బ్యాగులో చోటుంటే ఏదో ఒకటి చేరుతూనే ఉంటుంది. పైగా అది నడుము కిందికి జారి పిల్లను వెనక్కి గుంజుతుంది. పడిపోకుండా పిల్ల ముందుకు వంగుతుంది, దాంతో మెడ, భుజాలు నొప్పి పెడతాయి. బ్యాగు వీపు కన్నా వెడల్పు ఉండొద్దు, నడుము కిందికి బెత్తెడు మించి దిగొద్దు. పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. రెండూ వేసుకోవాలి, వీపుకు ఆనేలా బిగించాలి.

బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటొద్దని 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. 20 కిలోల పిల్లకు రెండు కిలోలే, అదీ ఖాళీ బ్యాగు బరువుతో కలిపి. పుస్తకాలన్నీ సర్దాక ఒకసారి కిరాణా కొట్టు కాంటా మీద పెట్టి చూడండి.

ఇక నీళ్లు. లీటరు నీళ్లంటే కిలో బరువు. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకు కాళ్లు వంకర పోయినవాళ్లను కళ్లారా చూసిన ఇళ్లవి. బడిలో పిల్ల ఏ నీళ్లు తాగుతుందోనన్న భయం ఊరికే పుట్టింది కాదు, కాబట్టి నీళ్లు తగ్గించమని నేను చెప్పను. బడిలో సర్కారు శుద్ధి చేసి ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లు రోజూ వస్తున్నాయా, బోరు నీళ్లే తాగిస్తున్నారా అని హెడ్మాస్టరును అడగండి. నల్లా నీళ్లయితే అర లీటరు బాటిల్ చాలు, అయిపోతే అక్కడే నింపుకుంటుంది. బోరు నీళ్లే అయితే లీటరు బాటిల్ ఇవ్వండి, ఆ మేరకు పుస్తకాలు తీసేయండి.

ఏం తీయాలో టైం టేబుల్ చూస్తే తెలుస్తుంది. గైడ్లు ఇంట్లోనే ఉండనీయండి. సర్కారు బడి పుస్తకాలు రెండు భాగాలుగా ఉంటే నడుస్తున్న భాగమే పంపండి. లావు పుస్తకాలు వీపు వైపు, తేలికవి బయటి వైపు సర్దాలి. రాత్రి పక్కన కూర్చుని చూడండి, కానీ సర్దడం మాత్రం పిల్లకే వదిలేయండి.

బండి మీద వెనక కూర్చునే పిల్ల వీపున బ్యాగు ఉంచకండి. గుంతలో బండి ఎగిరితే ఆ బరువు వెనక్కి లాగుతుంది, వేలాడే పట్టీ చక్రంలో పడొచ్చు. బ్యాగు మీ ముందు పెట్టుకోండి. ఆర్టీసీ బస్సులో నిలబడాల్సి వస్తే బ్యాగు దించి కాళ్ల దగ్గర పెట్టుకోమనండి. ఆటో బయట కొక్కేనికి తగిలించనీయకండి.

భుజాల మీద ఎర్రటి చారలు పడినా, పిల్ల వంగి నడుస్తున్నా ఆ రోజే బరువు తగ్గించండి. చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నా, బ్యాగు తేలికయ్యాక కూడా నడుం నొప్పి వారం దాటినా ఎముకల డాక్టరుకు చూపించండి. బడికి పోనని వేసే సాకు అనుకుని వదిలేయకండి.