ముగ్గురు అప్పన్నలు ఒక్కరేనని ఎలా తేల్చుకున్నానంటే

మా ముత్తాతను ఇంట్లో అప్పన్న అనేవారు. పట్టాలో అప్పలస్వామి, పాత అమ్మకం దస్తావేజులో అప్పలనాయుడు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మా శ్రీకాకుళం వైపు అరుదు. పేరు పట్టుకుని వెతికితే ఊళ్ళో సగంమంది తేలతారు.

అందుకే పేరు పక్కనపెట్టి పొలం పట్టుకున్నాను. దస్తావేజు చివర రాసే నాలుగు హద్దులే అసలు ఆధారం. మా దాంట్లో తూర్పున చెరువు గట్టు, ఉత్తరాన బండ్ల బాట, మిగతా రెండు వైపులా పొరుగు రైతుల పేర్లు. అన్ని కాగితాల్లోనూ అవే హద్దులు, తండ్రి పేరూ ఒకటే. ఆ చెక్క ఇప్పటికీ మా చిన్నాన్న సాగులోనే ఉంది. ఇంక అనుమానమేముంది!

జిల్లా పేరుతో ఇంకో చిక్కు. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో సొంత జిల్లా అయింది. పాత ఇంగ్లీషు కాగితాల్లో పట్నం పేరు చికాకోల్. కాగితం ఏ ఏడాదిదో చూసుకుని ఆనాటి జిల్లా పేరుతోనే అడగండి.

ఇప్పుడు ముత్తవ్వ పుట్టిల్లు వెతుకుతున్నాను. పట్టాల్లో ఆడవాళ్ళ పేర్లు తక్కువ కదా, అందుకని దస్తావేజుల్లో సాక్షులుగా వేలిముద్ర వేసినవాళ్ళలో ఆమె పుట్టింటివాళ్ళు ఉన్నారేమోనని వాళ్ళ ఇంటిపేర్లు ముందు రాసుకుంటున్నాను.