విమాన ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి

టికెట్ మీద ఉండే రెండు టైములూ ఒకే గడియారానివి కావు. బయలుదేరే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. నేరుగా తీసివేస్తే లెక్క తప్పుతుంది. ముందు రెండింటినీ యూటీసీలోకి (ప్రపంచమంతా వాడే ఉమ్మడి ప్రామాణిక సమయం) మార్చి, ఆ తర్వాత తీసివేయండి. ఉదాహరణకు, జనవరిలో లండన్‌లో 11:00కి ఎక్కి న్యూయార్క్‌లో 14:00కి దిగితే మూడు గంటలే అనిపిస్తుంది. న్యూయార్క్ ఐదు గంటలు వెనక కాబట్టి అసలు ప్రయాణం 8 గంటలు. '+1' అని కనిపిస్తే దిగేది మర్నాడు. హోటల్ బుకింగులో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

టికెట్ చేతిలో లేకపోతే దూరాన్ని బట్టి అంచనా వేయొచ్చు. గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి కొలవద్దు, భూమి గుండ్రం. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకోండి, అదే దగ్గరి దారి. లండన్‌లోని హీత్రో విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయానికి సుమారు 5,540 కిలోమీటర్లు. దాన్ని విమానం వేగంతో, అంటే గంటకు 850 కిలోమీటర్లతో భాగిస్తే ఆరున్నర గంటలు. విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లడం, గాల్లోకి లేవడం, కిందికి దిగడం కోసం ఇంకో 40 నిమిషాలు కలపండి.

గాలి సంగతి మరవకండి. ఈ దారిలో జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో వేగంగా వీచే గాలి) పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పటికన్నా తిరుగు ప్రయాణం దాదాపు గంట తక్కువ. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

దూరం మైళ్లలో ఇస్తే ఏ మైళ్లో చూసుకోండి: నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609.