ఎండాకాలంలో ఆరుబయట ‘కన్యాశుల్కం’ చూడబోయే వారికి

వేసవి సెలవుల్లో హన్మకొండలోనో, జనగామలోనో, కరీంనగర్‌లోనో ఏదైనా నాటక సమాజం ఆరుబయట వేదిక కట్టి గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ ఆడుతున్నదని తెలిస్తే తప్పకుండా వెళ్లండి. అయితే సినిమాకు వెళ్లినట్టు ఆట వేళకు ఇంట్లోంచి బయలుదేరితే నాటకంలో సగం చేజారిపోతుంది. మన వరంగల్ వైపు ఆరుబయట ప్రదర్శనలు కొత్తవి కావు. చిందు యక్షగానంలోని గజ్జెల చప్పుడూ తాళాలూ, ఒగ్గుకథలోని డోలు దెబ్బా ఊరి చివరి వాకిలి దాకా వినబడతాయి. చిందులో బుడ్డర్‌ఖాన్ వేషం రంగంలోకి రాగానే, ఇంకా నోరు విప్పకముందే, పిల్లలు నవ్వడం మొదలుపెడతారు. ఆ కళలు ఆరుబయటే పుట్టి ఆరుబయటే పెరిగినవి. ‘కన్యాశుల్కం’ అటువంటిది కాదు. అందులో ప్రేక్షకుణ్ణి పట్టి ఉంచే డోలు లేదు, రాగం తీసి పాడే పద్యాల వరుస లేదు. నవ్వంతా మాటలోనూ, ఆ మాటకు అవతలివాడు ఇచ్చే జవాబులోనూ ఉన్నది. గిరీశం అన్న మాటలో చివరి రెండు ముక్కలు గాలికి కొట్టుకుపోతే అతని శిష్యుడు వెంకటేశం జవాబుకు నవ్వు రాదు. అందుచేత ఈ నాటకానికి వెళ్లేవారు చేసుకునే ఏర్పాట్లన్నీ మాట స్పష్టంగా వినబడడం కోసమే చేసుకోవాలి.

మొదటి ఏర్పాటు ఇంట్లోనే జరగాలి. ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం చదువుకునేది 1909లో గురజాడ బాగా పెంచి, మార్చి రాసిన ఏడు అంకాల ప్రతి. దానిని ఉన్నదున్నట్టుగా ఆడితే ఏడెనిమిది గంటలు పడుతుంది కనుక, సమాజాలు సాధారణంగా రెండు మూడు గంటలకు కుదించి ఆడుతాయి. ఏయే ఘట్టాలు ఉంచారో నిర్వాహకులను ముందుగానే అడిగి తెలుసుకోవడం మంచిది. వేశ్య మధురవాణి ఆడే పేకాట, సారా దుకాణంలోని బైరాగి వేదాంతం వంటివి కుదింపులో మొదట ఎగిరిపోయే ఘట్టాలు. పేకాట ఘట్టం ఉన్నదని తెలిస్తే దానిని ఒకసారి చదివి వెళ్లండి, ఎందుకంటే ఆ ఆట మాటలు తెలియనివారికి అక్కడ నవ్వుకు ఆధారం దొరకదు.

మొత్తం పుస్తకం చదివే తీరిక లేనివారు మొదటి రెండు అంకాలైనా చదవాలి, అదీ పైకి చదవాలి. వరంగల్ వాళ్లమైన మన చెవికి విజయనగరం అగ్రహారాల యాస, ఆనాటి వ్యవహారపు మాటలు, గిరీశం మధ్యమధ్య విసిరే ఇంగ్లీషు ముక్కలు వెంటనే అందవు. వేదిక ముందు కూర్చున్నాక ఒక మాట దగ్గర ఆగి ఆలోచిస్తే తరువాతి మూడు మాటలు దాటిపోతాయి. ఇంట్లో ఇద్దరు కూర్చుని ఒకరు గిరీశం మాటలు, ఒకరు వెంకటేశం మాటలు చదివితే అరగంటలో ఆ యాస లయ పట్టుబడుతుంది. మిమిక్రీని ఒక గౌరవప్రదమైన కళగా నిలబెట్టిన నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన ఊరు మనది; గొంతు మార్చి, పలుకు మార్చి మాట్లాడితే విని ఆనందించడం ఇక్కడివారికి కొత్తగా నేర్పవలసిన పని కాదని నేను నమ్ముతాను.

కథ కూడా స్థూలంగా తెలిసి ఉండాలి. కృష్ణరాయపురం అగ్నిహోత్రావధాన్లు డబ్బుకు ఆశపడి చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు ఇవ్వబోతాడు. ఆ పెళ్లి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం కట్టి, లుబ్ధావధాన్లకు అంటగట్టే ఎత్తు వేస్తాడు. మరోవైపు అగ్నిహోత్రావధాన్ల కొడుకు వెంకటేశానికి చదువు చెప్పే వంకతో ఆ ఇంట్లో చేరిన గిరీశం, వితంతువైన పెద్ద కూతురు బుచ్చమ్మ మీద కన్ను వేస్తాడు. వీటన్నిటినీ మధురవాణి తెలివి ఎక్కడికక్కడ మలుపు తిప్పుతుంది. ఇంత తెలిస్తే చాలు. దీనితో పాటు ఇంకొక విషయం మనసులో ఉంచుకొని వెళ్లాలి. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో శుల్కం, అంటే ఆడపిల్లకు వెల, తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించగా 1,034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయని, ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పసిబిడ్డలు ముగ్గురున్నారని గురజాడ తన పీఠికలో రాశారు. ఈ లెక్క తెలిసినవారు అవధాన్లను చూసి నవ్వుతారు, వ్యాజ్యాలమారి రామప్పపంతులును చూసి నవ్వుతారు. బుచ్చమ్మ, లుబ్ధావధాన్ల వితంతు కూతురు మీనాక్షి మాట్లాడుతున్నప్పుడు నిశ్శబ్దంగా వింటారు. ఆ తేడా ప్రేక్షకులు పాటించిన రోజున నటులు కూడా మరింత బాగా నటిస్తారు.

ఇక ఎండ సంగతి. మే నెలలో వరంగల్‌లో పగటి వేడి 42, 43 డిగ్రీలు దాటడం మామూలు. సూర్యుడు అస్తమించేసరికి దాదాపు 6:40 అవుతుంది. ఏడు గంటలకు నాటకమంటే గాలి కాస్త చల్లబడి ఉండవచ్చు కాని, పగలంతా కాగిన సిమెంటు మెట్లు, బండలు రాత్రి తొమ్మిది దాకా వేడిని వదులుతూనే ఉంటాయి. కాబట్టి పలుచని జంపఖానా సరిపోదు, మడతలు వేసిన బొంత తీసుకువెళ్లండి. నీళ్లు అక్కడికి వెళ్లాక తాగడం కన్నా మధ్యాహ్నం నుంచే తాగుతూ ఉండడం ముఖ్యం. బయలుదేరే ముందు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, మన వాడుకలో సల్ల, రెండు గ్లాసులు తాగితే మధ్యలో నీళ్ల కోసం లేవవలసిన అవసరం తగ్గుతుంది. నూలు బట్టలు, ఒక తువ్వాల, ఒక విసనకర్ర చాలు. ఎవరికైనా తల తిరిగి, ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే నాటకం సంగతి మరిచి 108కి ఫోన్ చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండాలి.

కూర్చునే చోటును ఎంచుకోవడానికి కనీసం ముప్పావు గంట ముందు చేరుకోవాలి. అందరూ లౌడ్‌స్పీకరు దగ్గర కూర్చుంటే బాగా వినబడుతుందనుకుంటారు. అక్కడ శబ్దం పెద్దగా వినబడుతుంది తప్ప మాట పగిలిపోతుంది, పైగా మాట ఒక పక్క నుంచి, నటుడు ఇంకొక పక్క నుంచి రావడం వల్ల ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. వేదికకు ఎదురుగా, మధ్యలో, నాలుగో వరుస నుంచి ఎనిమిదో వరుస దాకా ఉన్న చోటు అన్నిటికన్నా మంచిది. ముందు వరుసలు ఎలాగూ అతిథుల కోసం ఉంచుతారు. జనరేటరు ఎక్కడ పెట్టారో చూసి దానికి దూరంగా ఉండండి. మిర్చి బజ్జీల బండి ఉన్న వైపు, రోడ్డు వైపు, వచ్చీపోయే దారి పక్కన కూర్చోకండి. వేదిక ముందు నేల మీద పెట్టినవో, పైనుంచి వేలాడదీసినవో మైకులు వాడుతున్నట్లయితే, నటుడు వెనక్కి తిరిగినప్పుడు మాట తగ్గిపోతుంది కనుక ఇంకొంచెం ముందుకు జరగాలి. ఒక్కొక్క నటుడికీ విడి మైకు ఉంటే అంత ఆదుర్దా అక్కరలేదు. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, సన్మానాలు ముందుగా జరుగుతాయి. ఆ సమయంలో మైకు ఎలా పలుకుతున్నదో గమనించి చోటు మార్చుకోవచ్చు. వినికిడి తగ్గిన పెద్దలను మాత్రం మొదటే ముందుకు తీసుకువెళ్లి, వారికి కుర్చీ ఇప్పించమని నిర్వాహకులను అడగండి, మొహమాటపడకండి.

నాటకం మొదలయ్యాక నవ్వడంలో కూడా ఒక పద్ధతి ఉన్నది. ఆరుబయట నవ్వు గోడలకు తగిలి తిరిగి రాదు, చెదిరిపోతుంది; నటుడికి అది సగమే అందుతుంది. అందువల్ల నవ్వు వచ్చినప్పుడు మనసారా నవ్వండి, కాని నటుడు తరువాతి మాటకు ఊపిరి తీసుకోగానే ఆపండి. తెలిసిన సంభాషణను నటుడి కన్నా ముందే పైకి చెప్పడం, పక్కవారికి వివరించడం ఇతరుల నాటకాన్ని పాడుచేస్తాయి. మధురవాణి ఇంట్లో మంచం కింద అప్పటికే రామప్పపంతులు దాగి ఉండగా గిరీశం కూడా దూరడం, అతని కోసం చీపురు పట్టుకుని పూటకూళ్లమ్మ రావడం వంటి ఘట్టం ఎంత దూరానికైనా అందుతుంది, పిల్లలు కూడా పడిపడి నవ్వుతారు. గిరీశం, వెంకటేశం కూర్చుని మాట్లాడుకునే ఘట్టాల్లో మాత్రం కదలిక తక్కువ, మాట ఎక్కువ. తినడం, ఫోను చూడడం, నీళ్ల సీసాలు అందించుకోవడం అప్పుడు పెట్టుకోకూడదు. ఆడపిల్ల వేషంలోని శిష్యుణ్ణి కూడా గమనించండి. పెద్దల ముందు సిగ్గుపడుతూ, ఎవరూ చూడనప్పుడు అల్లరి పిల్లవాడైపోయే ఆ మార్పును మంచి నటుడు ఒక్క నడకలో చూపిస్తాడు.

పదేళ్ల లోపు పిల్లలు మొదటి గంట తరువాత నిద్రపోతారు. వారికోసం ఒక దుప్పటి ఉంటే సరి.

ఎండాకాలపు సాయంత్రాల్లో గాలిదుమారం ఎప్పుడు లేస్తుందో చెప్పలేము. మబ్బు పట్టి ఒక్కసారిగా చల్లగాలి వీస్తే షామియానా గుంజలకు, లైట్ల స్తంభాలకు దూరంగా జరగండి. ఉరుము వినబడితే చెట్టు కింద నిలబడకుండా పక్కా భవనంలోకి వెళ్లండి. వాన పడి ఆట ఆగిపోతే మళ్లీ ఏ రోజున ఆడుతారో అడిగి తెలుసుకుని వెళ్లండి.

పరకాల, నర్సంపేట, ములుగు వైపు తిరిగి వెళ్లవలసిన వారు చివరి బస్సు వేళ సాయంత్రమే కనుక్కోవాలి; ఆట ఆలస్యంగా మొదలైతే చివరి అంకంలో మధురవాణి, వకీలు సౌజన్యారావు పంతులు ఎదురుపడే ఘట్టానికే లేవవలసి వస్తుంది. నాటకమంతా పట్టి నిలిపే ఘట్టం అది. సొంత వాహనమో, ఊళ్లో చుట్టాల ఇల్లో ముందే చూసుకోండి. ఆట ముగిశాక కాసేపు ఆగి నటులను కలవండి. ఈ ఉక్కలో విగ్గు, కోటు, రంగు వేసుకుని మూడు గంటలు నిలబడినవారు వాళ్లు. బాగుందని మాత్రమే చెప్పి వదలకుండా ఏ మాట ఎంత బాగా పలికారో చెప్పండి, వెనక వరుసల్లో ఏ ఘట్టం వినబడలేదో కూడా చెప్పండి. మరుసటి ప్రదర్శనకు మైకులు ఎక్కడ పెట్టాలో వారికి తెలుస్తుంది.