మంచి గుడ్డ మీద కత్తెర పెట్టేముందు

నెల్లూరు చిన్నబజారులో మీటర్ల లెక్కన గుడ్డ తెచ్చుకుని, పాత టాపు దాని మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి కత్తిరించినా టాపు వస్తుంది, కాదనం. కానీ పాత దానికి ఎక్కడ పట్టేసిందో కొత్త దానికీ అక్కడే పట్టేస్తుంది. టాపు ముక్కల ఆకారాలు గీసి ఉండే కాగితం ప్యాటర్న్‌ని ఒకసారి మన ఒంటికి సరిచేసి పెట్టుకుంటే, తర్వాత ఎన్ని టాపులైనా దాని మీదే కత్తిరించుకోవచ్చు. శ్రమంతా ఆ మొదటిసారే.

నెట్‌లో కొన్న ప్యాటర్న్‌ని జిరాక్స్ షాపులో ఏ4 కాగితాల మీద తీయిస్తారు. పరీక్ష కోసం ఇచ్చిన చిన్న చదరం ఏ పేజీలో ఉందో చూసి, ముందు ఆ ఒక్క పేజీ తీయించండి. షాపతను ‘ఫిట్ టు పేజ్’ పెట్టి తీస్తే చదరం చిన్నదవుతుంది. 2 అంగుళాలు ఉండాల్సింది 1.9 వచ్చిందంటే, 40 అంగుళాల టాపు 38కి పడిపోయినట్టే. ‘యాక్చువల్ సైజు’లో తీయమని అడగాలి.

కుట్టు మార్జిన్, అంటే కుట్టు గీతకి బయట వదిలే గుడ్డ సంగతి కూడా ముందే చూసుకోండి. బుర్దా అనే కుట్టుపని పత్రికలో వచ్చే ప్యాటర్న్‌లకి మార్జిన్ ఉండదు, మనమే కలుపుకోవాలి. సింప్లిసిటీ, మెక్‌కాల్స్ కంపెనీల కవర్లలో వచ్చే ప్యాటర్న్‌లకి సాధారణంగా 1.5 సెంటీమీటర్లు కలిపే ఉంటుంది. తెలియక మళ్ళీ అంతే కలిపితే, పక్క కుట్లు రెండింటికీ కలిపి చుట్టుకొలతలో 6 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంత వదులు వస్తే ‘ప్యాటర్న్ మంచిది కాదు’ అనుకుంటాం గానీ, తప్పు దానిది కాదు.

కొలతలు రోజూ వేసుకునే బ్రా మీదే తీయాలి, డ్రెస్సు మీద కాదు. నిండు ఛాతీ, నడుం, సీటు అందరూ తీసేవే. వీటికి తోడు పై ఛాతీ కావాలి. అంటే టేపు వీపు మీదుగా చంకల కింద నుంచి తెచ్చి, రొమ్ముకి పైన చుట్టి తీసే కొలత. సైజు ఎంచుకునేది దీన్ని బట్టే. పై ఛాతీ కంటే నిండు ఛాతీ 2 అంగుళాలు ఎక్కువ ఉంటుందన్న లెక్కతో గీసిన ప్యాటర్న్‌లే ఎక్కువ. మీ పై ఛాతీ 34, నిండు ఛాతీ 38 అనుకుందాం. 38 సైజు తీసుకుంటే ఛాతీ సరిపోతుంది గానీ భుజాలు జారతాయి, మెడ వదులవుతుంది. 36 సైజు తీసుకుని, తగ్గిన 2 అంగుళాలని ఛాతీ దగ్గర మాత్రమే కలుపుకోవాలి. ఎలాగో కింద చెప్తాం.

లూజు ఎంత ఉందో కవరు మీది బొమ్మ చూస్తే తెలియదు. ముందు ముక్క, వెనక ముక్క ఛాతీ గీత దగ్గర కుట్టు నుంచి కుట్టుకి కొలిచి, కలిపి, రెట్టింపు చేసి, అందులోంచి మీ ఛాతీ తీసేయండి. మిగిలిందే లూజు. సాగని కాటన్‌కి 3 అంగుళాలు చాలంటారు. మన రోహిణి కార్తె ఉక్కపోతకి మాత్రం 4 పెట్టుకుంటేనే గుడ్డ వీపుకి అంటుకోకుండా ఉంటుంది.

44 అంగుళాల పన్నాలో, 26 అంగుళాల పొడుగు టాపు, పొట్టి చేతులు అయితే మీటరున్నర సరిపోతుంది. ముందు, వెనక ముక్కలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, పక్కన మిగిలిన గుడ్డలో చేతులు పడతాయి. కుంగుదల ఉంటుంది కాబట్టి ఇంకో పావు మీటరు తీసుకోవడం మంచిది. గుడ్డని రాత్రంతా నీళ్ళలో నానేసి, పిండకుండా ఆరేసి, రవంత తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. లైనింగ్ గుడ్డని కూడా నానేయాలి. దాన్ని మర్చిపోతే మొదటి ఉతుకుకే లోపలిది కుంగి, పైది ముడతలు పడుతుంది.

ఇక అసలు పని. మంచి గుడ్డని అప్పుడే కత్తిరించబాకండి. పాత దుప్పటి మీద ఒక ట్రయల్ టాపు కుట్టండి. పాత చీరైతే బాగా మెత్తబడి ఉంటుంది, ఒంటికి వాలిపోయి తప్పుల్ని దాచేస్తుంది. కుట్టు పొడుగు 4 మిల్లీమీటర్లు పెట్టుకుంటే విప్పడం తేలిక. ఒక చెయ్యి తగిలిస్తే చాలు. కత్తిరించగానే బాల్ పెన్నుతో ఛాతీ గీత, నడుం గీత అడ్డంగా, ముందు వెనకా నడిమి గీత నిలువుగా గీయండి. వేసుకుని అద్దం ముందు నిలబడితే ఆ గీతలే మాట్లాడతాయి. అడ్డగీత ఎక్కడ పైకి లేచిందో అక్కడ గుడ్డ చాలలేదు. ఎక్కడ కిందికి వేలాడిందో అక్కడ ఎక్కువైంది. ముడతలు కూడా అంతే, బిగుతు ఎక్కడుందో ఆ వైపే చూపిస్తాయి.

రొమ్ము నుంచి చంకకి, పక్కలకి ముడతలు లాగి, టాపు అంచు ముందువైపు పైకి లేచిందంటే ఛాతీ చాలలేదు. పక్క కుట్లు వదిలితే ఇది పోదు. ముందు ముక్క కాగితం మీద రొమ్ము ముక్కు గుర్తు పెట్టండి. అక్కడి నుంచి కింది అంచుకి నిలువుగా ఒక గీత, చంక ఒంపులో కింది మూడో వంతుకి ఇంకో గీత, పక్క డాటు (ఒంపు కోసం గుడ్డని మొనలా మడిచి కుట్టే చోటు) మధ్యగా మూడో గీత గీయండి. కింది అంచు నుంచి మొదలుపెట్టి ముక్కు మీదుగా చంక దాకా కోసి, చంక కుట్టు గీత దగ్గర కాగితం ఊడిపోకుండా పిసరంత ఉంచండి. డాటు గీతని పక్క నుంచి ముక్కు దాకా కోయండి. పైన చెప్పిన లెక్కలో తక్కువైంది 2 అంగుళాలు, మన చేతిలో ఉన్నది సగం ముక్క. అందుకని నిలువు గీతని ముక్కు దగ్గర 1 అంగుళం తెరవాలి, కింద కూడా అంతే దూరం ఉండేట్టు సర్దాలి. డాటు దానంతటదే వెడల్పవుతుంది. పక్క ముక్క కిందికి దిగుతుంది కాబట్టి, నడిమి వైపు కాగితాన్ని అడ్డంగా కోసి అంతే దించి, సందుల్లో వేరే కాగితం అంటించండి. కొత్త డాటు మొన ముక్కు దాకా పోకూడదు, 1 అంగుళం ముందే ఆపాలి. లేకపోతే అక్కడ మొటిమలాగా పొడుచుకొస్తుంది. నడుం దగ్గర పెరిగిన వదులుని పక్క కుట్లలో తీసేయొచ్చు.

మెడ పక్క నుంచి చంక వైపు ఏటవాలు ముడతలు వేలాడితే భుజం వాలుగా ఉన్నట్టు. భుజం చివర పావో, అరంగుళమో గుడ్డని వేళ్ళతో మడిచి పట్టుకుని చూడండి, ముడత పోతుంది. కాగితం మీద భుజం చివరని అంత దించి, చంక అడుగుని కూడా అంతే దించండి. ఈ రెండోది మర్చిపోతే చంక పట్టేస్తుంది. వీపు మీద నడుముకి పైన అడ్డంగా మడత పడితే, నడిమిలో ఆ మడతంత తీసి, పక్క కుట్టు దగ్గరికి సున్నాకి తేవాలి. సీటు బిగుతైనా ఇలాంటి మడతే వస్తుంది, టాపు పైకి ఎగదన్నుతుంది. రెండింట్లో ఏదో తెలియాలంటే పక్క కుట్లు సీటు దగ్గర విప్పి చూడండి. మడత దిగిపోతే సీటు వెడల్పు చేస్తే సరిపోతుంది.

చెయ్యి పైకెత్తితే టాపు మొత్తం లేస్తోందని చంకని ఇంకా లోతుగా కోసేవాళ్ళు చాలామంది. అది తిరగబడుతుంది. చంక ఎంత కిందికి పోతే చెయ్యి అంత టాపుని లాగుతుంది. ఒంటి చంకకి 1 అంగుళం కిందికి మించకుండా ఉంచి, వీపు వెడల్పు, చేతి కండ దగ్గర వదులు చూసుకోండి. కండ మీద 2 అంగుళాల లూజు ఉండాలి. చెయ్యి పై ఒంపు చంక కొలత కంటే అర నుంచి 1 అంగుళం ఎక్కువుంటే కాటన్‌లో కుచ్చుల్లేకుండా కూర్చుంటుంది. ఈ కొలత టేపుని నిలువు అంచు మీద నిలబెట్టి, కుట్టు గీత వెంట తీయాలి.

పాత వెంకటగిరి కాటన్ చీరతో కుట్టేటప్పుడు ఒక చిక్కుంది. జరీ అంచు టాపు కింద రావాలంటే ప్యాటర్న్‌ని చీరకి అడ్డంగా పరచాలి, కింది అంచుని మడిచి సరిచేసే వీలుండదు. అందుకని పొడుగు తగ్గించడం, పెంచడం ముందే కాగితం మీద నడుం దగ్గర చేసుకోవాలి. జరీ అంచు తిన్నగా ఉంటుంది, ఒంపు తిరగదు. కాబట్టి ఘేరు (కింది వెడల్పు) తగ్గించి పక్కన కట్స్ పెట్టిన టాపే దీనికి నప్పుతుంది. చీరని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, మడతల దగ్గర పలచబడ్డ చోట్లు వదిలేసి పరవండి.

కుట్టడం తేలికే. కాటన్‌కి 14 నంబరు సూది, మల్లు గుడ్డకి 11. కుట్టు పొడుగు 2.5 మిల్లీమీటర్లు. ముక్కలు కత్తిరించగానే మెడ చుట్టూ మార్జిన్‌లో ఒక కుట్టు వేయాలి, ఎందుకంటే మెడ ఒంపు ఏటవాలుగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటేనే సాగుతుంది. తర్వాత డాట్లు, భుజాలు, మెడ, చేతులు, పక్కలు, చివర్లో కింది మడత. మెడకి పైపింగ్ పట్టీని గుడ్డ మూల నుంచి 45 డిగ్రీల వాలులో, 1.25 అంగుళాల వెడల్పున కత్తిరించండి. కుట్టాక ఒంపు మార్జిన్‌కి గాట్లు పెట్టకపోతే మెడ చదునుగా కూర్చోదు. గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తే బాబిన్‌ని అనుమానించబాకండి. పై దారం టెన్షన్ పళ్ళేల మధ్యలో కూర్చోలేదని అర్థం. పాదం ఎత్తి దారం మళ్ళీ ఎక్కించండి.

సరిచేసిన ప్యాటర్న్‌ని బ్రౌన్ పేపరు మీదికి ఎక్కించి, తేదీ, అప్పటి మీ కొలతలు, మార్జిన్ కలిపారో లేదో దాని మీదే రాయండి. మడవకుండా చుట్టి పెట్టుకోండి.