మోడల్ హెలికాప్టర్ తోక బెల్టు బిగువును సరిచేయడం ఎలా?

రేడియోతో ఎగిరే మోడల్ హెలికాప్టర్‌లో తోక బెల్టు బిగువును సరిచేయడం అరగంట కూడా పట్టని పని. అయినా ఎగరేసే చోట నా చేతికి వచ్చే యంత్రాల్లో ఎక్కువ వాటిలో ఆ బెల్టు వీణ తీగలా బిగిసి ఉంటుంది, లేదా బూమ్ (తోకను మోసే పొడవాటి గొట్టం) లోపలి గోడలకు తగిలేంత వదులుగా ఉంటుంది. తోక నిలకడగా ఉండటం లేదని గైరో (తోకను నిలకడగా ఉంచే పరికరం) గెయిన్, అంటే అది స్పందించే తీవ్రత మార్చి, సర్వో (తోక రెక్కల కోణాన్ని కదిలించే చిన్న మోటారు) మార్చి, చివరికి గైరోనే కొత్తది కొన్నవాళ్లు కూడా మొదట చూడవలసిన బెల్టును మాత్రం చూసి ఉండరు.

తోక రోటర్ ప్రధాన రోటర్ కంటే సుమారు నాలుగైదు రెట్లు వేగంగా తిరుగుతుంది. ఆ వేగాన్ని ముందు పుల్లీ నుంచి వెనక పుల్లీకి చేర్చే పని ఈ సన్నని పళ్ల బెల్టుదే. అది వదులైతే, గిరగిరా తిరుగుతున్న తోకను ఒక్కసారిగా ఆపినప్పుడో, ప్రధాన రెక్కల పిచ్‌ను (వాలు కోణాన్ని) హఠాత్తుగా పెంచినప్పుడో బెల్టు పుల్లీ పళ్లను దాటి జారుతుంది, ఆ క్షణంలో తోక పక్కకు కొట్టుకుపోతుంది. మరీ బిగుసుకుంటే ఆ లోపం వెంటనే కనబడదు. ముందు వైపు షాఫ్టు బేరింగులూ తోక బేరింగులూ నెమ్మదిగా అరుగుతాయి, మోటారు వృథాగా శక్తి ఖర్చు చేస్తుంది, బెల్టు లోపలి దారాలు సాగిపోతాయి. నా రెండో యంత్రంలో బిగువు ఎంత ఉంటే అంత మంచిదనుకుని చేసిన పనికి తోక బేరింగులు ఒక నెలలోనే గరగరలాడాయి. అప్పటి నుంచి చేతి అంచనాను నమ్మడం మానేశాను.

సిద్ధం చేసుకోవడం

బ్యాటరీని విప్పండి, మోటారుకు వెళ్లే మూడు తీగలను ఊడదీయండి, ప్రధాన రెక్కలనూ తోక రెక్కలనూ తీసి పక్కన పెట్టండి. సరైన కొలత అలెన్ కీలు, పెన్సిలు, నీలిరంగు థ్రెడ్‌లాక్ (బోల్టులు సడలకుండా వేసే జిగురు), మంచి వెలుతురు చాలు. బూమ్ క్లాంపు (బూమ్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే భాగం) బోల్టులకు గుండ్రటి తల ఉన్న అలెన్ కీ వాడకూడదు, అది బోల్టు గుంతను పాడుచేస్తుంది.

తర్వాత ప్రధాన రోటర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ బెల్టు మొత్తాన్నీ ఒకసారి చూడండి. పళ్లు ఊడినా, అంచుల్లో దారాలు లేచినా, తోక పెట్టె (వెనక పుల్లీ ఉండే భాగం) మూలల్లో కాటుకలాంటి నల్లని పొడి పేరుకున్నా ఆ బెల్టును మార్చవలసిందే. కొత్త బెల్టు వేసేటప్పుడు అది బూమ్ లోపల పావు మెలిక తిరిగి వెళ్తుందని గుర్తుంచుకోండి. ఆ మెలిక తప్పు దిక్కున పడితే తోక రోటర్ వెనక్కి తిరుగుతుంది. ప్రధాన రోటర్‌ను ఎగిరే దిక్కులో తిప్పినప్పుడు తోక రెక్క మందపాటి, గుండ్రటి అంచు ముందుగా గాలిని కోయాలి.

బూమ్‌ను వదులు చేయడం

ముందుగా బూమ్‌కు ఆసరాగా ఉండే రెండు కడ్డీల బోల్టులను సడలించండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. కడ్డీలు పట్టుకుని ఉండగా బూమ్‌ను లాగితే అది వెనక్కి జరగదు, వంగుతుంది. తోక సర్వో ఫ్రేమ్ మీద ఉంటే దాని లింకేజీని (సర్వో నుంచి తోకకు వెళ్లే కడ్డీని) చివరి బాల్ కీలు నుంచి విడదీయండి. బూమ్ క్లాంపు బోల్టులను పూర్తిగా విప్పకుండా ఒక్కో చుట్టు మాత్రమే సడలించండి. కొన్ని నమూనాల్లో బూమ్ కదలదు, దానికి బదులు వెనక తోక పెట్టెను జరపాలి. అక్కడ కూడా మిగతా పద్ధతి ఇదే.

అసలు పని: బిగువును నిర్ణయించడం

ఇక్కడే పని చెడుతుంది, కాబట్టి తొందరపడకండి.

బూమ్ క్లాంపు అంచు దగ్గర బూమ్ మీద పెన్సిలుతో సన్నని గీత గీయండి. టేపు అంటించవద్దు, అది చిన్న తేడాను దాచేస్తుంది, ఇక్కడ మనకు కావలసింది మిల్లీమీటరు కంటే చిన్న కదలిక. తర్వాత ఒక చేత్తో ఫ్రేమ్‌ను పట్టుకుని, మరో చేత్తో తోక పెట్టెను పట్టుకుని నేరుగా వెనక్కి లాగండి. తోక షాఫ్టునో, పిచ్ స్లైడరునో (తోక రెక్కల కోణాన్ని మార్చే జారుడు భాగం) పట్టుకుని లాగితే, బెల్టు బిగిసేలోపే షాఫ్టు వంగుతుంది.

ఇప్పుడు ముందు పుల్లీకీ బూమ్ నోటికీ మధ్య బెల్టు కనిపించే చోట, మొద్దుగా ఉన్న అలెన్ కీ కొసతో బెల్టు ఒక వైపును రెండో వైపు మీదకు నొక్కండి. తేలికగా నొక్కితే రెండింటి మధ్య దూరం సుమారు సగానికి తగ్గాలి. గట్టిగా నొక్కినా ఆ వైపు వచ్చి రెండో వైపును తాకకూడదు. తాకితే వదులు, కదలడానికే మొరాయిస్తే బిగువు ఎక్కువ. మీ యంత్రం మాన్యువల్‌లో వేరే కొలత ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి, ఇవ్వకపోతే ఈ కొలతను దాటవద్దు. రెండు వేళ్లతో గిల్లి చూసే పద్ధతిని నేను ఒప్పుకోను. ఒక్కొక్కరి వేళ్ల బలం ఒక్కో రకంగా ఉంటుంది, పైగా అదే మనిషి వేళ్లు ఉదయం ఒక తీరులో, అలసిపోయిన సాయంత్రం మరో తీరులో చెబుతాయి.

ఒక్క చోట నొక్కి చూసి తృప్తి పడకండి. పుల్లీలూ షాఫ్టులూ ఎంత బాగా చేసినా నూటికి నూరుపాళ్లు గుండ్రంగా ఉండవు కనుక, తిరిగే కొద్దీ బిగువు కొద్దిగా మారుతుంది. ప్రధాన రోటర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల నొక్కి, ఎక్కువ బిగువుగా ఉన్న చోటునే ప్రమాణంగా తీసుకోండి. వదులుగా ఉన్న చోటును చూసి సరిచేస్తే, బిగువైన చోట బేరింగులు ప్రతి చుట్టుకూ నలుగుతాయి.

దీని తర్వాత రెండు పరీక్షలు తప్పనిసరి. ఒకటి: రోటర్ హెడ్‌ను కదలకుండా పట్టుకుని తోక హబ్‌ను (తోక రెక్కలు బిగించే మధ్య భాగాన్ని) చేత్తో గట్టిగా రెండు దిక్కులా తిప్పాలని చూడండి. ‘టక్’ మని బెల్టు పన్ను దాటిన శబ్దం వస్తే బిగువు చాలలేదన్నమాట, ఆ శబ్దం ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. రెండు: రోటర్ హెడ్‌ను ఎగిరే దిక్కులో వేలితో తోసి వదలండి. ఆటోరొటేషన్‌లోనూ (మోటారు ఆగినా గాలికే రోటర్ తిరుగుతూ దిగడం) తోక తిరిగే యంత్రాల్లో ఆ దిక్కున వన్‌వే బేరింగ్ (ఒకే దిక్కున పట్టుకునే బేరింగ్) మోటారును వదిలేస్తుంది కనుక, మీ వేలికి తెలిసేది బెల్టు, తోక బేరింగుల బరువే. అది జారుతున్నట్టు మృదువుగా తిరగాలి. ఆగి ఆగి, ముద్దలు తగిలినట్టు తిరిగితే బిగువు తగ్గించండి.

వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అల్యూమినియం బూమ్ వేడికి సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. 70 సెంటీమీటర్ల బూమ్‌కు 20 డిగ్రీల తేడాలో ఆ మార్పు సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది, బెల్టు లోపలి దారాలు మాత్రం అంతగా సాగవు. అందుకే వెచ్చని గదిలో సరిగ్గా అమరిన బెల్టు చలి ఉదయాన బయట వదులవుతుంది. కార్బన్ బూమ్‌కు ఈ మార్పు చాలా తక్కువ. ఎగరేసే చోటి చలిలోనో ఎండలోనో యంత్రాన్ని అరగంట ఉంచి బిగువు చూడటమే సరైన పద్ధతి.

బెల్టుకు బదులు టార్క్ ట్యూబ్ (రెండు చివరలా గేర్లతో తోకను తిప్పే గొట్టం) పెట్టుకుంటే ఈ బాధ ఉండదని అనేవాళ్లున్నారు. నిజమే, కానీ తోక నేలకు తగిలినప్పుడు బెల్టు పళ్లు దాటి జారి దెబ్బను కొంత మింగుతుంది, ట్యూబ్ ఉన్నచోట ఆ దెబ్బ నేరుగా గేర్ల పళ్ల మీద పడుతుంది. నేర్చుకునేవారికి నేను ఎప్పుడూ బెల్టు యంత్రాన్నే సూచిస్తాను.

తిరిగి బిగించడం

బిగువు కుదిరిందని బోల్టులను ఒక్కొక్కటిగా చివరిదాకా తిప్పేస్తే, క్లాంపు పట్టుకునే క్రమంలో బూమ్ వెంట్రుకవాసి ముందుకు జారి బెల్టు మళ్లీ వదులవుతుంది. కనుక బోల్టులను ఎదురెదురుగా, ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే బిగిస్తూ రండి. సగం బిగించిన తర్వాత యంత్రాన్ని వెనక నుంచి చూసి, నిలువు రెక్క ప్రధాన షాఫ్టుకు సమాంతరంగా ఉందో లేదో సరిచూడండి. బూమ్ ఒక డిగ్రీ తిరిగి ఉన్నా తోక తోపు నేరుగా పక్కకు పోకుండా కొంచెం పైకో కిందికో మళ్లుతుంది. బోల్టులు పూర్తిగా బిగిశాక బెల్టును మళ్లీ నొక్కి చూడండి. కార్బన్ బూమ్‌ను అతిగా బిగిస్తే గోడలు చిట్లుతాయి, అది వేలికి తెలియదు.

లోహంలోకి దిగే బోల్టులకు మాత్రమే థ్రెడ్‌లాక్ ఒక చుక్క వేయండి. ప్లాస్టిక్‌కు అది తగిలితే పగుళ్లు వస్తాయి. ఆసరా కడ్డీలను చివర్లో బిగించండి. వాటి రంధ్రాలు బలవంతం లేకుండా బోల్టులకు ఎదురుగా రావాలి. రాకపోతే కడ్డీ పొడవు మార్చుకోవాలి గానీ, బూమ్‌ను లాగి అమర్చకూడదు.

ఫ్రేమ్ మీద సర్వో ఉన్నవారు లింకేజీని మళ్లీ తగిలించి, పొడవు సరిచూసుకోవాలి. బూమ్ ఒక మిల్లీమీటరు వెనక్కి జరిగితే తోక పిచ్ స్లైడర్ మధ్య స్థానం కూడా దానికి తగ్గట్టు జరుగుతుంది. బిగువు సరిచేశాక తోక ఒక వైపుకు లాగుతోందని గైరోను తప్పుపట్టేవాళ్లు మరిచిపోయేది ఇదే.

మొదటి ఎగురుడు రెండు నిమిషాల హోవర్ (గాలిలో ఒకే చోట నిలపడం) మాత్రమే చేయండి. దిగాక క్లాంపు అంచుకూ పెన్సిలు గీతకూ మధ్య దూరం మారిందేమో చూడండి. బెల్టు కొత్తదైతే నాలుగైదు ఎగురుళ్ల తర్వాత అది కొద్దిగా సాగి కుదురుకుంటుంది, అప్పుడు అలెన్ కీతో ఇంకొకసారి నొక్కి చూసి, అవసరమైతే గీత చూసుకుంటూ బూమ్‌ను అర మిల్లీమీటరు వెనక్కి జరపండి.