పాత ఉత్తరం కొనేముందు వెలుతురుకి పెట్టి చూడండి

సర్ థామస్ మన్రో, సి.పి. బ్రౌన్ లాంటివాళ్ల చేతిరాత ఉత్తరాలు సేకరించాలని ఉంటే, సంతకం కంటే ముందు కాగితాన్ని చూడండి. కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే లోపలి వాటర్‌మార్క్, అంటే కాగితం తయారయ్యేటప్పుడే అందులో పడే గుర్తు, కనబడుతుంది. 1794 తర్వాత ఇంగ్లండులో తయారైన చాలా కాగితాల్లో తయారీదారు పేరుతో పాటు సంవత్సరం కూడా ఉంటుంది, ‘జె వాట్‌మన్ 1829’ అన్నట్టు. మన్రో 1827 జూలైలో పత్తికొండలో కలరాతో చనిపోయారు. ఆయన ఉత్తరమని చెప్పేదాంట్లో 1829 కనిపిస్తే అది తర్వాత ఎవరో రాసుకున్న నకలు, లేదా దొంగది. ఇక బేరం అక్కర్లేదు.

తర్వాత పది రెట్ల భూతద్దం. కలంతో రాసిన గీతలు ఒకదాన్నొకటి దాటేచోట సిరా ముదురుగా ఉంటుంది. అచ్చు నకలులో అంతా ఒకటే రంగు.

1840కి ముందు బ్రిటన్‌లో కాగితాల లెక్కన తపాలా ఖర్చు పడేది కాబట్టి కవరు వాడకం తక్కువ. ఉత్తరాన్నే మడిచి, లక్క వేసి, పైన చిరునామా రాసేవారు. చిరునామా ఉన్న ఆ పేజీని దయచేసి కత్తిరించకండి, తపాలా ముద్రలు ఉండేది దానిమీదే. చిరుగులకి సెల్లోటేప్ మాత్రం అస్సలు వద్దు, లామినేషన్ అంతకన్నా వద్దు.